గట్టు మీద నుంచి వేసిన అంబు

అంబు తగిలిన చప్పుడు ఏసమ్మకు వినిపించింది. తడి బట్టను బండ మీద వేసి కొట్టినట్టు వచ్చింది. పంది ముందు కాళ్ళ మీద కుంగి, గట్టిగా అరిచి, వేరుశనగ సాళ్ళు తొక్కుకుంటూ వాగు పక్కనున్న కంపలోకి దూరింది. కంప కొమ్మలు కాసేపు ఊగి ఆగిపోయాయి. తూర్పున అప్పుడప్పుడే తెల్లబడుతోంది.

"తగిలింది గదా మంతన్నా!" అంది ఏసమ్మ సంతోషంగా.

మంతన్న గట్టు మీద నుంచి లేచి, విల్లు భుజాన వేసుకుని పంది నిలబడిన చోటికి నడిచాడు. నడిచే కొద్దీ అతని ముఖం మారిపోయింది. మధ్యలో ఒకసారి ఆగి, తాను కూర్చున్న గట్టు వైపు తిరిగి చూశాడు. తల విదిలించుకుని మళ్ళీ నడిచాడు. ఏసమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వెనకే పోయింది.

కంప మొదట్లో అంబు కట్టె విరిగి పడి ఉంది. మంతన్న దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి ఆమె చేతికిచ్చాడు.

"చూడక్కా. కట్టెకు నెత్తురే లేదు. ఇనుము మటుకు దిగి ఆడనే ఆగిపోయినాది."

"ఇనుము లోపల ఉండాది గదా. ఏడనో ఒకచోట పడి చస్తాదిలే."

"చావదు." మంతన్న తన భుజం మీద చెయ్యి వేసి చూపించాడు. "పందికి ఇక్కడ, జబ్బ మీద, తోలు కింద పలక మాదిరి ఉంటాది. మగదానికి మరీ మందం. బురదలో పొర్లి, చెట్లకు రాసుకుని అది ఇంకా గట్టిపడతాది. దగ్గర నుంచి వేస్తే అంబు దాన్ని చీల్చుకుని పోతాది. దూరం నుంచి వేస్తే ములుకర్రతో పొడిచినట్టే. కోపం వస్తాది గానీ చావు రాదు."

"మరి దగ్గరికి వచ్చినాకనే వేయకపోయినావా?"

"దగ్గరే ఉన్నట్టు కనిపించినాది," అన్నాడు మంతన్న. అంతకు మించి చెప్పలేదు. వంగి ఆకుల మీద నెత్తురు చుక్కలు చూశాడు. వేలితో తాకి రుద్దాడు. "నురుగు లేదు. ఊపిరికి తగల్లేదు. ఇది దూరం పోదక్కా. కంపలోనే యాడనో పడుకుని, ఎవురొస్తారా అని కాచుకుంటాది."

అప్పుడు ఏసమ్మకు భయం వేసింది. ఆ కంప పక్క నుంచే డొంక పోతుంది. ఇంకాసేపట్లో వాళ్ళ పేట ఆడవాళ్ళంతా వాగు అవతల మిరప చేలో కలుపు తీయడానికి ఆ డొంకనే నడిచి వస్తారు.

"నేను పోయి చెప్తా. ఈ దారిన రావద్దు, పంది ఉండాదని చెప్తా."

మంతన్న ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "వద్దక్కా. పంది అంటే ఎట్లొచ్చింది, ఎవురు కొట్టినారు అంటారు. ఆ మాట ఊరు దాటి ఫారెస్టోళ్ళ చెవిన పడతాది. మా తమ్ముడు ఒక్క కుందేలు కోసరం జైలుకు పోయొచ్చినాడు. వచ్చినోడు మనిషిగా లేడు. గుడిసెలో మూలకు కూసుంటాడు, వాకిలి మూస్తే అరుస్తాడు. నేను పోలేనక్కా ఆడికి. చచ్చినా పోలేను."

"చెప్పనులే," అంది ఏసమ్మ. "నువ్వు పోయి దాన్ని వెతుకు. మనుషులు ఇటు రాకుండా నేను చూసుకుంటా."

మంతన్న ఇంకో అంబు తీసి నారికి ఆనించుకుని, వంగి కంపలోకి పోయాడు. నడిచినట్టే వినిపించలేదు.

ఆ చేను ఏసమ్మకు మొగుడు పోయాక మిగిలిన ఒక్క ఆధారం. బోరులో నీళ్ళు ఉన్నంత మేరకు వేరుశనగ వేసింది. పోయిన కారు పంట మొత్తం పందులే తవ్వి తినిపోయాయి. కొండ కింద చేలన్నిటి పరిస్థితీ అదే. ఈసారి ఆమె చేను చుట్టూ పాత చీరలు కట్టింది. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లింది. కుక్కల అరుపులు రికార్డు చేసిన మైకు కూడా పెట్టించింది. రెండు రోజులు పందులు రాలేదు. మూడో రోజు మైకు అరుస్తుండగానే దాని కింద నిలబడి కాయలు తిన్నాయి.

కరెంటు తీగ లాగమని చాలామంది చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. అవతలి ఊళ్ళో ఎవరో పందులకు లాగిన తీగ తగిలి, నీళ్ళు కట్టబోయిన మనిషి చేని గట్టు మీదే చనిపోయాడు. ఆ శవాన్ని చూసి వచ్చినప్పటి నుంచి తీగ మాట ఎత్తితే ఆమెకు అన్నం సయించేది కాదు. అందుకే మంతన్నను పిలిచింది. అతను కొండ మీది చెంచు గూడెం మనిషి. తేనె, కుంకుడుకాయలు, చీపుళ్ళు రాచర్లకు మోసుకుపోతూ దారిలో ఆమె ఇంటి ముందు ఆగి మజ్జిగ తాగేవాడు. అంబు అయితే మనిషికి ప్రమాదం లేదు, చప్పుడు ఉండదు, పంది ఒక్కటి పడితే మిగతావి కొన్నాళ్ళు ఇటు తొంగిచూడవు అనుకుంది. అతను మొదట రానన్నాడు. ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. అడిగింది అక్క గనుక వచ్చాడు.

తెల్లవారుజామున గట్టు మీద కూర్చున్నప్పుడు అతను గొంతు తగ్గించి ఎన్నో చెప్పాడు. "మేము కొట్టాలంటే పంది చెవు మీద వాలిన ఈగ కనపడాలక్కా. అంత దగ్గరికి పోవాల. అప్పుడు జబ్బ వెనక, ముందు కాలు మడత పడే చోట వేస్తే ఇటు దూరి అటు పోతాది. మా నాయన వేసిన అంబు ఒకసారి పందిలో నుంచి దూరిపోయి అవతల మద్ది చెట్టుకు గుచ్చుకున్నాది. రెండు చేతులతో లాగితే గానీ రాలేదు." అది విని ఏసమ్మకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఆమె డొంక మొదట్లో రాయి మీద కూర్చుని, పేట వైపు చూస్తూ ఉంది.

ఆడవాళ్ళు వచ్చారు. చేతుల్లో క్యారియర్లు, నెత్తిన తువ్వాళ్ళు. అందరి కంటే ముందు పుష్పమ్మ. ఏసమ్మకు వరసకు మరదలు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"ఏంది ఒదినా, పొద్దున్నే దారికి అడ్డం కూసున్నావు? టోలుగేటు పెట్టినావా?"

అందరూ నవ్వారు.

"ఈ డొంకన పోవద్దు పుష్పా. రోడ్డెంబడి చుట్టు తిరిగి పోండి."

"చుట్టు తిరిగితే ఎండెక్కుతాది గదత్తా," అంది కేథరిన్. మేకలు కాసే ఏబేలు భార్య ఆమె. "లేటయిందని మేస్త్రి అరుస్తాడు."

"అరవనీ. ఒక్కపూటకు ఏం కాదు."

పుష్పమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏసమ్మను పైనుంచి కిందికి చూసింది. "ఇంకా పూర్తిగా తెల్లారకముందే చెంచాయన ఇటు పోతా ఉండటం మా ఆయన చూసినాడంట. ఏంది కథ? నీ తమ్ముడికి సద్ది తెచ్చిపెట్టినావా?"

మంతన్న వచ్చినట్టు వాళ్ళకు తెలుసు. అతను ఎందుకు వచ్చాడో ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఏసమ్మ నోటికి వచ్చింది చెప్పింది.

"తేనె కోసరం వచ్చినాడు. ఆ కంపలో పెద్ద పట్టు ఉండాదంట. పొగ పెట్టబోతే ఈగలు లేచినాయి. ఇప్పుడు ఆ పక్క పోతే ముఖాలు వాచిపోతాయి."

"అమ్మో," అని ఒకామె తువ్వాలు ముఖానికి కప్పుకుంది.

"నీకెందుకు భయం?" అంది పుష్పమ్మ. "నీ ముఖం వాస్తేనన్నా మీ ఆయన తలెత్తి చూస్తాడు."

"మీ ఆయన తేనెటీగల కంటే నీ నోటికే దూరం పోతాడు లే," అని ఆమె తిరగబడింది. మళ్ళీ నవ్వులు. నవ్వుతూనే వాళ్ళు రోడ్డు వైపు మళ్ళారు. ఏసమ్మ ఊపిరి పీల్చుకుంది.

అంతలో వెనక నుంచి మేకలను తోలుకుంటూ ఏబేలు వచ్చాడు. నెత్తిన తువ్వాలు చుట్టుకుని, నోట్లో వేపపుల్ల పెట్టుకుని ఉన్నాడు. ఆడవాళ్ళ మాటలు అతని చెవిన పడ్డాయి.

"పట్టు ఎంత ఉంటాదంట పెద్దమ్మా?"

"నాకేం తెలుసు నాయనా. నేను చూసినానా?"

"చెంచాయన ఏడి?"

"ఈగలు తరిమితే వాగెంబడి పరుగెత్తినాడు."

"పట్టు కోయకుండానే పోయినాడా?"

"కోయకుండానే. నువ్వు మేకల్ని అటు తోలుకో ఏబేలూ. ఇటు మళ్ళనీయొద్దు."

ఏబేలు చిన్నగా నవ్వి, మేకలను అదిలించి రోడ్డు వైపు తిప్పాడు. ఆ నవ్వు ఎందుకో ఏసమ్మ ఆలోచించలేదు. ఒక అబద్ధం చెబితే దానికి దన్నుగా ఇంకోటి చెప్పాల్సి వచ్చిందే అన్న బాధలో ఉంది. దేవుణ్ణి క్షమించమని అడగబోయి, పంది దొరికిన తరువాత అన్నిటికీ కలిపి అడుగుదామని ఊరుకుంది.

పొద్దెక్కింది. మంతన్న జాడ లేదు. కంపలో ఆకు కదిలితే ఆమె లేచి నిలబడేది, మళ్ళీ కూర్చునేది. వాగు అవతల మిరప చేలో ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. పుష్పమ్మ గొంతు ఇక్కడి దాకా వినపడుతోంది. అంతా బాగానే ఉంది, ఇంకాసేపు ఇట్లాగే గడిస్తే చాలు అనుకుంది.

అప్పుడు వాగు వైపు నుంచి ఏబేలు మేకలు వచ్చాయి. వాటి వెనక మనిషి లేడు. మేకలు బెదిరినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏసమ్మ చేలోకి దిగాయి.

ఆమె తలెత్తి చూసింది. కంప మధ్యలో నుంచి సన్నగా పొగ లేస్తోంది.

మంతన్న పొగ పెట్టడు. పంది కోసం పోయినవాడికి పొగతో పనేముంది? తేనె కోసం పోయినవాడే పొగ పెడతాడు. చెంచాయన పట్టు వదిలేసి పారిపోయాడు, ఈగలు అతని వెంట పోయాయి, పట్టు ఒంటరిగా ఉంది అనుకుని ఏబేలు వాగు వైపు నుంచి దూరాడు. అతని నవ్వు అప్పుడు ఆమెకు అర్థమైంది.

"ఏబేలూ!" అని కేక పెట్టి కంప వైపు పరుగెత్తింది. "బయటికి రా ఏబేలూ! తేనె లేదు! పట్టు లేదు! పంది ఉండాది, అంబు దిగిన పంది ఉండాది!"

మిరప చేలో ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఏసమ్మ ఆగలేదు. "మంతన్నా, లోపల ఏబేలు ఉండాడు! పొగ ఉన్న కాడికి పో!" అని అరిచింది. దాచిపెట్టినదంతా వాగు అవతలి దాకా వినపడేట్టు తన నోటితోనే చెబుతున్నానని ఆమెకు తెలుసు. అయినా ఇంకా గట్టిగా అరిచింది.

లోపల నుంచి ఒక మనిషి అరుపు వచ్చింది. దాని వెంట పంది అరుపు.

ముళ్ళు చీరను పట్టి లాగుతుంటే చించుకుని పోయింది. కంప మధ్యలో వర్షపు నీళ్ళు కోసిన చిన్న గాడి ఉంది. ఏబేలు అందులో వెల్లకిలా పడి ఉన్నాడు. తొడ చీలి పంచె అంతా నెత్తురైంది. ఎండుగడ్డి కట్ట పక్కన పడి పొగ చిమ్ముతోంది. పంది అతనికి ఆనుకున్నట్టు నిలబడి, తల దించి రొప్పుతోంది. దాని జబ్బ మీద విరిగిన కట్టె మొన కనిపిస్తోంది.

గాడికి ఒక పక్క మంతన్న నిలబడి ఉన్నాడు. విల్లు పూర్తిగా లాగి పట్టుకున్నాడు. పందికీ అతనికీ మధ్య నాలుగు బారల దూరం కూడా లేదు. అయినా వదలడం లేదు.

"వెయ్యి మంతన్నా!" అంది ఏసమ్మ.

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్ళతో పంది అవతల పడి ఉన్న ఏబేలును చూపించాడు.

గట్టు మీద అతను చెప్పిన మద్ది చెట్టు సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఇంత దగ్గర నుంచి వేస్తే అంబు పందిలో ఆగదు. దూరి అవతలికి పోతుంది. అవతల ఉన్నది చెట్టు కాదు. పొద్దున దూరం వల్ల దిగని అంబు ఇప్పుడు దగ్గర వల్ల వదలడానికి లేదు.

పంది మళ్ళీ తల దించింది. ఏబేలు మోచేతుల మీద వెనక్కి జరగబోయి జరగలేకపోయాడు.

ఏసమ్మ గాడి చివరకు దిగింది. పైట లాగి రెండు చేతులతో పట్టుకుని గాలిలో ఆడించింది.

"ఏయ్! ఇటు చూడు! నా చేను తిన్నావు, చాలలేదా? ఇటు రావే! ఇటు రా, నిన్ను కొట్టమని పిలిపిచ్చింది నేనే!"

పంది తల తిప్పింది. ఎర్రటి చిన్న కళ్ళు ఆమెను చూశాయి. అది ఏబేలును వదిలి ఆమె మీదికి ఉరికింది. ఏసమ్మ కళ్ళు మూసుకోలేదు. మూసుకోవడానికి కూడా వ్యవధి లేదు. నారి మోగింది. పంది మధ్యలో పక్కకు ఊగింది. అయినా ఆగకుండా వచ్చి ఆమె మోకాలికి తగిలి, ఆమెను పడగొట్టి, రెండు గజాల అవతల కూలింది. జబ్బ వెనక అంబు ఈకలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. రెండో పక్క నుంచి ఇనుప మొన బయటికి వచ్చి ఉంది.

ఆడవాళ్ళు వాగు దాటి వచ్చారు. కేథరిన్ ఏబేలు మీద పడి ఏడ్చింది. పుష్పమ్మ తన తువ్వాలుతో తొడ గట్టిగా బిగించి కట్టింది. ఎవరో 108కి ఫోను చేశారు. మంతన్న, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఏబేలును మోసుకొచ్చి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. అతని అన్న శ్యాంసన్ పేటలో నుంచి పరుగెత్తుకొచ్చాడు.

ఏబేలు ముఖం తెల్లగా పాలిపోయింది. అయినా ఏసమ్మను చూసి పెదవులు కదిపాడు.

"పెద్దమ్మా, పట్టు ఉండాదా, లేదా?"

"లేదు నాయనా."

"ఊరికే చెప్పినావా?"

ఆమె తల ఊపింది. ఏబేలు కళ్ళు మూసుకున్నాడు.

అంబులెన్సు వచ్చి అతన్నీ శ్యాంసన్‌నూ ఎక్కించుకుని గిద్దలూరు ఆసుపత్రికి పోయింది. ఆరోగ్యశ్రీ కార్డు, బట్టలు తీసుకుని వెనక ఆటోలో రమ్మని కేథరిన్‌తో చెప్పారు. కేథరిన్ వెంటనే పోలేదు. ఏసమ్మకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"పంది అని ఒక్క మాట అనింటే పోయేవాడా అత్తా? తేనె అని నువ్వే గదా ఆశ పెట్టినావు?"

"తప్పయింది తల్లీ."

"నీ శెనక్కాయలు బాగుండాల. చెంచాయన బాగుండాల. మేము మటుకు ఏమైపోయినా ఫరవాలేదు." ఆమె పేట వైపు పరుగెత్తింది.

చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఫారెస్టువాళ్ళకు ఎవరో అప్పుడే చెప్పేశారని ఒకరన్నారు. పుష్పమ్మ గొంతు తగ్గించి ఏసమ్మ పక్కకు వచ్చింది.

"ఒదినా, ఇట్ల విను. అంబులు రెండూ పీకేద్దాం. పందిని వాగులో పూడ్చేద్దాం. ఊరికే పడి పొడిచి పోయిందని అందరం ఒకే మాట మీద ఉందాం. పొద్దున నువ్వు చెప్పినదానికి నాకు ఒళ్ళు మండతా ఉండాది. అయినా చెప్తా."

ఏసమ్మకు ఆ మాట ఎంత మంచిదో తెలుసు. అయినా మనసు ఒప్పుకోలేదు. "వద్దు పుష్పా. నేను ఇంకోటి చెప్పలేను. ఒకటి చెప్తే ఏమయిందో చూసినాము గదా."

ఆమె కుంటుకుంటూ మంతన్న దగ్గరికి పోయింది. అతను పంది పక్కన గొంతుక్కూర్చుని, కత్తితో దాని జబ్బ కోసి చూస్తున్నాడు.

"కొండెక్కు మంతన్నా. జీపు వచ్చేలోపల పో. నన్ను అడిగితే నేనే కొట్టిచ్చినా అని చెప్తా. నీ పేరు చెప్పను."

"నేను పోతే వాళ్ళు గూడెం మీదికి వస్తారక్కా. దొరికినోణ్ణి పట్టుకుంటారు. దొరికేది మా తమ్ముడే. వాడు పరిగెత్తలేడు." మంతన్న తోలు కింద నుంచి చిన్న ఇనుప మొన ఒకటి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. "చూడు. పలకలోనే ఆగిపోయినాది. అవతలి కండ కూడా తగల్లేదు."

దాన్ని పట్టుకునే లేచి చేలోకి నడిచాడు. పొద్దున పంది నిలబడిన చోట గిట్టల గుర్తుల మీద కాలు పెట్టి, చేతులు బార చాచి, ఒక్కో బారా కొలుచుకుంటూ గట్టు దాకా పోయాడు. గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

ఏసమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరి ముందూ చేను బల్లపరుపుగా పరుచుకుని ఉంది.

"నేను అనుకున్నదానికి రెండింతలు ఉండాది," అన్నాడు మంతన్న. "అడవిలో ఈ చెట్టు, దాని వెనక ఆ చెట్టు, ఆ వెనక పంది. దూరం తెలుస్తాది. ఇక్కడ మధ్యలో ఏమీ లేదు. పక్కనే వచ్చి నిలబడినట్టు అనిపించినాది. ఈగ కనపడిందా అని నన్ను నేను అడగలేదు. నువ్వు పక్కన ఉన్నావు. పంట పోతా ఉండాదని ఊపిరి బిగబట్టుకుని చూస్తా ఉన్నావు. వేసేసినాను."

"నేనే తొందరపెట్టినట్టయింది."

"నువ్వు నోరే తెరవలేదు," అన్నాడు మంతన్న. "జైలుకు పోతే పోతా. గూడెంలో ఈ దూరం సంగతి మటుకు తెలియకూడదక్కా. మంతన్న ఇంత దూరం నుంచి వేసినాడని పిల్లకాయలు గూడా నవ్వుతారు. మా నాయన పేరు పోతాది. అది ఎవురికీ చెప్పొద్దు."

రోడ్డు మీద జీపు చప్పుడు వినిపించింది.

అటవీశాఖ ఆఫీసరు, ఇద్దరు గార్డులు దిగారు. పంది చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నారు. ఏబేలు పడిన చోటు చూశారు. ఆఫీసరు కుర్రవాడు, మాట మెత్తనిది. చేను ఎవరిదని అడిగాడు.

"నాదే సార్," అంది ఏసమ్మ. "పందిని కొట్టమని పిలిపిచ్చినదీ నేనే. పిలిస్తే వచ్చినాడు. ఆయన రానంటే మళ్ళీ మళ్ళీ అడిగినా."

"కొట్టిందెవరు?"

మంతన్న విల్లు తీసి నేల మీద పెట్టి ముందుకు వచ్చాడు. గార్డు ఒకడు అతని భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి పడగానే మంతన్న ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కళ్ళు కొండ వైపు పోయి మళ్ళీ వచ్చాయి.

అప్పుడే కేథరిన్ బట్టల సంచి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆటో ఆమె కోసం ఆగింది. ఎక్కబోయి మంతన్నను చూసి ఆగిపోయింది. గార్డులను తోసుకుని అతని ముందుకు వచ్చింది.

"అన్నా, నాకొకటి చెప్పు. మీరు పుట్టినప్పటి నుంచి అంబులేసేవాళ్ళే గదా. పొద్దున్నే వేసినప్పుడు ఎందుకు చావలేదది? రెండోది వేస్తే ఒక్క దెబ్బకు చచ్చింది గదా. మొదటిది ఎందుకు చంపలేదు? నా మొగుడు వచ్చేదాకా దాన్ని ఎందుకు బతకనిచ్చినావు?"

అందరూ వింటున్నారు. పేటవాళ్ళు, గార్డులు, ఆఫీసరు. కుంకుళ్ళ మూటతో కొండ దిగి వచ్చిన గూడెం మనుషులు ఇద్దరు జీపు వెనక నిలబడి చూస్తున్నారు. ఏసమ్మ వాళ్ళను చూసింది. మంతన్న కూడా చూశాడు. ఆమె ఏదో ఒకటి అడ్డం చెప్పాలని ఒక అడుగు ముందుకు వేసింది.

"దూరం ఎక్కువైంది తల్లీ," అన్నాడు మంతన్న. గట్టు వైపు చెయ్యి చాపి చూపించాడు. "అదో, ఆడ నుంచి వేసినాను. అంత దూరం నుంచి పందిని కొట్టకూడదు. కొడితే దిగదు. అది నాకు తెలుసు. తెలిసీ వేసినాను."

కేథరిన్ గట్టు వైపు చూసింది. పంది పడి ఉన్న కంప వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం పోలేదు. తిరిగి పోయి ఆటో ఎక్కింది. ఆటో పోయింది. గూడెం మనుషులు ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

"ఎక్కు," అన్నాడు గార్డు మంతన్నతో.

అతను జీపు వెనక ఎక్కి, గార్డు తలుపు వేయబోతుంటే దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేయనివ్వలేదు. గార్డు అతని చేతులు విడిపించబోయాడు. ఏసమ్మ కుంటుకుంటూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎక్కి మంతన్నకు ఎదురుగా కూర్చుంది.

"నిన్ను ఎక్కమనలేదు గదమ్మా," అన్నాడు ఆఫీసరు.

"తలుపు వేస్తే ఆయన ఓర్చుకోలేడు సార్. తెరిచే ఉంచండి. దూకకుండా నేను పట్టుకుంటా."

ఆఫీసరు కాసేపు ఇద్దరినీ చూసి, గార్డుకు సైగ చేశాడు. తలుపు తెరిచే ఉంచి జీపు కదిలింది. ఏసమ్మ మంతన్న మణికట్టును గట్టిగా పట్టుకుని కూర్చుంది.